మూడు చుక్కల నీళ్ళూ, ఒక నెవరూ

తిరుపతిలో ఒక ఇడ్లీ హోటలు మీద, మొదటి అంతస్తులో, ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నాను. కింద పోపు మాడితే పైన మా క్లాసంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంది. నా దగ్గర చదివినవాళ్ళు లాడ్జీ కౌంటర్ల వెనకాల, రేణిగుంట విమానాశ్రయం ముందు ట్యాక్సీల్లో, కొండ మీద బొమ్మల అంగళ్ళలో కూర్చుని ప్రపంచంలో ఉన్న అన్ని దేశాలవాళ్ళతోనూ, ఇంకా పుట్టని ఒకట్రెండు దేశాలవాళ్ళతోనూ మాట్లాడుతున్నారు. అవతలివాళ్ళకు ఏం అర్థమవుతోందో నేను విచారించలేదు. అది నా సిలబసులో లేదు.

నా కీర్తి అంతా ఒకే పాఠం మీద నిలబడి ఉంది. ఆల్వేస్, యూజువల్లీ, నెవర్ లాంటి మాటలు వాక్యంలో ఎక్కడ కూర్చోవాలన్నది ఆ పాఠం. వ్యాకరణం పుస్తకం వీటిని క్రియావిశేషణాలు అంటుంది. ఆ మాట నేను బోర్డు మీద రాసి ముగించేలోపల సగం క్లాసు కిందికి దిగి, రెండిడ్లీ ఒక వడ తిని, చెయ్యి కడుక్కుని వచ్చేది. అందుకని ఆ పేరు చెరిపేసి, కొండ మీది క్యూతో చెప్పడం మొదలుపెట్టాను.

"క్యూ ఉంది గదా. పని చేసేవాడు పొద్దున్నుంచీ నిలబడి ఉంటాడు. చేసే పని గర్భగుడి. ఇంతలో సిఫారసు ఉత్తరం పట్టుకుని ఒకడొస్తాడు. వాడు వెనకాల నిలబడతాడా? నిలబడడు. నేరుగా గర్భగుడి గడప ముందర తేలతాడు. వాడే ఆల్వేస్. వాడి తమ్ముడు యూజువల్లీ. బావమరిది నెవర్. ఐ ఆల్వేస్ డ్రింక్ కాఫీ. ఐ నెవర్ ఈట్ ఉప్మా. అర్థమైందా?"

అర్థమయ్యేది. తిరుపతిలో పుట్టినవాడికి సిఫారసు ఉత్తరం గురించి రెండోసారి చెప్పాల్సిన పని లేదు.

"ఒక్క చోట మాత్రం వాడి ఆటలు సాగవు. యామ్, ఈజ్, ఆర్ అని ముగ్గురు కానిస్టేబుళ్ళు ఉంటారు. వాళ్ళు కనిపిస్తే ఉత్తరంగాడు కూడా వెనకాలే నిలబడాలి. షి ఈజ్ ఆల్వేస్ లేట్."

ఇంత చెప్పినా మనవాళ్ళు బయటికెళ్ళి "ఆల్వేస్ ఐ యామ్ డ్రింకింగ్ కాఫీ" అంటారు. పెళ్ళిపత్రిక మూలకు పసుపు రాసినట్టు, ఆ ఆల్వేసును మొట్టమొదట అంటిస్తే తప్ప మనకు వాక్యం శుభంగా అనిపించదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఈ మాటల్లో నాకు ఇష్టమైనవి రెండే. ఆల్వేస్, నెవర్. మనిషి నోరు తెరిస్తే ఈ రెంటిలో ఒకటి రాలాలి. సమ్‌టైమ్స్ అనేది నా దృష్టిలో మనుషుల మాట కాదు, వానొస్తుందో రాదో చెప్పేవాళ్ళ మాట.

ఇట్లా విరాజిల్లుతుండగా ఒకరోజు పలమనేరు పక్క పల్లె నుంచి మా వదిన ఫోను చేసింది. వదిన అంటే మా ఆవిడకు స్వయానా అక్క. ఆ ఊరి ఆడవాళ్ళ పాలకేంద్రంలో పద్నాలుగేళ్ళుగా టెస్టరు. ఊళ్ళో అరవైమంది ఆడవాళ్ళు పొద్దున్నే క్యాన్లు తెచ్చి వరసలో నిలబడితే, వదిన టేబులు ముందు కూర్చుని ఒక్కొక్కరి పాలనూ మిషన్‌లో పెట్టి, వెన్న ఎంతుందో, నీళ్ళెంతున్నాయో చూసి రాస్తుంది. నీళ్ళుంటే వెనక్కి పంపుతుంది. ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిన చప్పుడికే ఆ ఊళ్ళో పాలు చిక్కబడతాయని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

"మరిదీ, నాకు ఐదు ముక్కలు ఇంగ్లీషు కావల్ల," అంది.

సంగతేమంటే, పాలు కొనే కంపెనీవాళ్ళు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకూ కలిపి ఒక పెద్ద కూలింగ్ ట్యాంకు పెడతారట. ట్యాంకు ఏ ఊళ్ళో పెడితే కేంద్రం ఆ ఊళ్ళోనే. మిగతా మూడూ మూత. ఏ ఊరన్నది తేల్చడానికి విదేశాల నుంచి మనుషులొస్తున్నారు. ప్రతి కేంద్రంలోనూ ఒక ఆడమనిషి లేచి ఐదు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పాలని అక్కడి మేనేజరుకు ఆలోచన వచ్చింది. ఆవులకు ఇంగ్లీషు నేర్పమనలేదు, అదొక్కటే ఆయన చేసిన దయ.

"ట్యాంకు ఆ పక్కూరికి పోతే మావోళ్ళు క్యాన్లు ఎత్తుకోని మూడు కిలోమీటర్లు ఏరు దాటి పోవల్ల," అంది వదిన. "నా టేబులు పాయె. ఇంట్లో కూసోని నేనేం చేసేది, గోడలకు వెన్న శాతం సూసేదా?"

వదిన నన్ను సాయం అడగడం అదే మొదలు. నేను వెంటనే మిద్దె మీదికెక్కి, గొంతు సవరించుకుని, ఐదు వాక్యాలు తయారుచేశాను. ప్రతి వాక్యంలోనూ ఒక ఉత్తరంగాడు ఉండేట్టు చూసుకున్నాను. వియ్ ఆల్వేస్ వాష్ ది క్యాన్స్. వియ్ కేర్‌ఫుల్లీ టెస్ట్ ది మిల్క్. వియ్ నెవర్ యాడ్ వాటర్. అవర్ కౌస్ ఆర్ ఆల్వేస్ హ్యాపీ. వియ్ వార్మ్‌లీ వెల్‌కమ్ యూ. ఒక్కొక్కటీ మూడుసార్లు పలికి వాయిస్ మెసేజ్ పంపాను. కింద హోటల్లో ఎవరో ఎండుమిరపకాయలు వేయించడం వల్ల మూడో వాక్యంలో, నెవర్ తర్వాత, నాకు దగ్గొచ్చింది. మూడుసార్లూ అక్కడే వచ్చింది. మళ్ళీ రికార్డు చేసే ఓపిక లేక అట్లాగే వదిలేశాను.

పది నిమిషాల్లో ఫోను.

"మరిదీ, నెవర్ అన్నాక దగ్గల్లనా?"

"వద్దు వదినా. అది నా సొంతం."

"అదీ, అడిగి తెలుసుకోవల్ల గదా. క్యాన్లు కడిగేది నిజమే, సెప్తా. టెస్టు చేసేది నిజమే. ఆ నాలుగోది ఏందప్పా? మా ఆవులు ఎప్పుడూ సంతోషంగా ఉంటాయా? ఎవురడిగినారు వాటిని? మొన్న దూడను అమ్మినప్పుడు రెండు దినాలు గడ్డి ముట్టలా."

"వదినా, అదంతా వాళ్ళకెందుకు? మర్యాదకు అనే మాట."

"సరే, అది ఆవు తలకాయి నొప్పి. మూడోది మాత్రం నేను సెప్పను."

మూడోది వియ్ నెవర్ యాడ్ వాటర్. మేము పాలల్లో నీళ్ళు ఎప్పుడూ కలపము. పాలకేంద్రం అన్నాక చెప్పాల్సిన మొట్టమొదటి మాట అది. పద్నాలుగేళ్ళుగా నీళ్ళపాలను తిప్పికొట్టిన మనిషి ఆ ఒక్కటే చెప్పనంటోంది.

"ఎందుకు వదినా?"

"మూడు చుక్కలు వేస్తాం గదా."

అప్పుడు గుర్తొచ్చింది. మా అత్తగారు కూడా వేసేది. పాలు గడప దాటి ఇంకొకరి చేతికి పోయేముందు, చెంబులో మూడు వేళ్ళు ముంచి క్యానులో మూడు చుక్కలు చిలకరిస్తారు. ఒట్టి పాలు పరాయి కళ్ళ పడితే ఆవు పొదుగుకు దిష్టి తగులుతుందని. ఆ పక్క ఊళ్ళన్నిట్లోనూ ఇంటింటికీ ఉంది. ఆ మూడు చుక్కల్ని పట్టుకునే మిషను ఇంకా పుట్టలేదు.

"మూడు చుక్కలు నీళ్ళేంది వదినా!"

"నీళ్ళు కాకపోతే పాలా?"

"మిషన్‌కే కనపడవు!"

"నాకు కనపడతాయి. నేనూ వేస్తాను, దినామూ."

సరే, నా దగ్గర ఉత్తరంగాళ్ళకు కొదవా? వియ్ రేర్‌లీ యాడ్ వాటర్ అనమన్నాను. రేర్‌లీ అంటే ఏందంది. ఎప్పుడో ఒకసారి అన్నాను. ఎప్పుడో ఒకసారి కాదుగదా, దినామూ అంది. దినామూ అయితే ఆల్వేస్ అనాలి. వియ్ ఆల్వేస్ యాడ్ వాటర్. ఆ వాక్యం నా నోటితో నేనే పలికి, ట్యాంకు లారీ ఎక్కి హారన్ కొట్టుకుంటూ పక్కూరికి పోవడం కళ్ళారా చూశాను. ఇంత పెద్ద ఇంగ్లీషు భాషలో మూడు చుక్కలకు సరిపడే మాట ఒక్కటి లేదు. ఇరవై రెండేళ్ళలో ఆ భాష మీద నాకు మొదటిసారి చిన్నచూపు కలిగింది.

"వదినా, ఇంగ్లీషులో చెప్పేస్తే పోలా? ఆ మాట మన ఊళ్ళో ఎవరికీ అర్థం కూడా కాదు."

"అబద్ధానికి ఇంగ్లీషు రాదా మరిదీ?"

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. వదినే మళ్ళీ అంది.

"మా తోడికోడలు పాలు రెండు మాట్లు ఎనక్కి పంపినా. చెంబెడు నీళ్ళు పోసింది. రెండేండ్లుగా నాతో మాట్లాడదు. పెండ్లిలో నేను వడ్డిస్తే ఇస్తరాకు ఎత్తుకోని ఆ పక్క వరసలో కూసునింది. ఆ టేబులు కాడ నిలబడి, నీళ్ళు మాకు తెలీదప్పా అని నేనే అంటే, రేప్పొద్దన ఆమె క్యాను మీద చెయ్యి పెట్టేదానికి నాకు మొగమెట్లుంటాది?"

"మరి ట్యాంకు?"

"అదే గదా." "ఆ దినానికి సూస్తాంలే. నువ్వు రా. నువ్వుంటే ధైర్యంగా ఉంటాది."

నేనుంటే ధైర్యమన్న ఇంత అబద్ధాన్ని ఆమె ఎట్లా చెప్పగలిగిందో అనుకుంటూ, ఆ రోజుకు మా ఆవిడతో కలిసి బస్సెక్కాను.

పలమనేరులో చలి గురించి ఒక మాట. తిరుపతిలో బయల్దేరేటప్పుడు చొక్కా మూరెడు చెమటతో ఒంటికి అతుక్కుని ఉంది. పలమనేరులో దిగేసరికి అదే చెమట గడ్డకట్టి, చొక్కా నన్ను నిలబెట్టి నడిపించింది. మా ఆవిడ ఆ రోజు గాలి బాగుందని మాత్రమే అంటుంది. ఆమెకు వర్ణన చేతకాదు.

కేంద్రం ముందర ముగ్గు వేశారు. క్యాన్లు ఎంత తోమారంటే, వరసలో నిలబడ్డ ఒక్కొక్క ఆవిడా తన క్యానులో చూసుకుని బొట్టు దిద్దుకుంటోంది. మేనేజరు కొత్త చొక్కాలో, మడత విప్పిన గీతలతో సహా, అటూ ఇటూ తిరుగుతున్నాడు. వదిన టేబులు వెనక కూర్చుని ఉంది. నన్ను చూసి తల ఊపింది. చెప్తానని గానీ చెప్పనని గానీ ఆ ఊపులో తెలియలేదు.

మూడు బండ్లు వచ్చాయి. పొడుగాటి ముసలాయన ఒకరు, పడుచు అమ్మాయి ఒకతె, ఇద్దరూ విదేశీయులు. వాళ్ళ మాటలు మనకు చెప్పడానికి బెంగుళూరు నుంచి వచ్చిన ఆఫీసరమ్మ ఒకామె. మిగతా మూడు ఊళ్ళూ పొద్దున్నే చూసుకుని, ఆఖరున ఇక్కడికి వచ్చారు. ముగ్గురి మొహాల్లోనూ ఏదో బిగపట్టుకున్నట్టు ఉంది. ఘాట్ రోడ్డు తిరగడం వల్లనేమో అనుకున్నాను.

వదిన లేచి నిలబడింది.

"వియ్ ఆల్వేస్ వాష్ ది క్యాన్స్."

ఆల్వేస్ గర్భగుడి గడప ముందర బొమ్మలా నిలబడింది. నేను పక్కనున్న పెద్దాయనకు, నా శిష్యురాలు అని చెప్పాను. ఆయన నన్ను అడగలేదు.

"వియ్ కేర్‌ఫుల్లీ టెస్ట్ ది మిల్క్."

ముసలాయన జేబులోంచి చేతిరుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పడుచు అమ్మాయి నేల చూసింది. ఏదో రాబోతోందని కాచుకున్నట్టు.

"వియ్..." అంది వదిన.

ఆగిపోయింది.

అరవైమంది ఆడవాళ్ళ వెనక నుంచి నేను నెవర్, నెవర్ అని పెదాలు ఆడించాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. మేనేజరు చొక్కా మడతల్లోంచి, "నెవరమ్మా, నెవరు!" అని గుసగుసగా అరిచాడు. గుసగుసగా అరవడం కష్టం, కానీ ఆయన సాధించాడు.

వదిన టేబులు కింద నుంచి చెంబు తీసింది. తన ఇంటి క్యాను మూత ఎత్తింది. మూడు వేళ్ళు ముంచి, అందరూ చూస్తుండగా, చిలకరించింది.

"వియ్ యాడ్," అంది. "త్రీ."

మేనేజరు గోడ వెతుక్కున్నాడు.

వదిన బయట కట్టేసిన ఆవు పొదుగును చూపించింది. తర్వాత తన కన్ను చూపించింది. ఆ కన్ను వెళ్ళి ఆ పొదుగు మీద పడ్డట్టు వేలితో గాల్లో ఒక గీత గీసింది. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో అంత స్పష్టమైన ఇంగ్లీషు నేను వినలేదు.

ముసలాయన రుమాలు దించాడు. "ఆల్వేస్?" అని అడిగాడు.

"ఆల్వేస్," అంది వదిన. తర్వాత తన క్యానులోంచి గరిటెడు పాలు తీసి, చిన్న గిన్నెలో పోసి, ఆయన వైపు జరిపి, "టెస్ట్," అంది.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. మిషన్‌లో గిన్నె ఎట్లా పెట్టాలో వదిన చెయ్యి పట్టుకుని చూపించింది. అంకెలు వచ్చాయి. మంచి పాలని తేలింది. అందరి పాలకూ రాసినట్టే ఆ అంకెలూ తన పుస్తకంలో రాసుకుంది. అప్పుడు ఆయన ఆఫీసరమ్మతో చాలాసేపు మాట్లాడాడు.

"ఈ మూడు చుక్కలు మిగతా ఊళ్ళల్లో కూడా హాకతారా, అదే, వేస్తారా?" అని అడిగింది ఆమె కన్నడం కలిసిన తెలుగులో.

"లేదు మేడం, నెవర్!" అన్నాడు మేనేజరు.

"ఏం మేడం, వాళ్ళ ఆవులకు మాత్రం దిష్టి తగలదా?" అంది వదిన. "అందురూ వేస్తారు. దాంట్లో తప్పేముండాది?"

"మరి మూడు ఊళ్ళల్లోనూ నెవర్ అన్నారల్లా," అంది ఆఫీసరమ్మ. "అది కూడా..." అని గుప్పిట నోటికి పెట్టుకుని, ఖళ్ళు ఖళ్ళుమని దగ్గి చూపించింది. "నెవర్ అని, ఇట్లా దగ్గి, తర్వాత యాడ్ వాటర్ అన్నారు. మూడు చోట్లా ఒకే దగ్గు. ఈ సీమలో ఏమన్నా గొంతు జబ్బు ఉందా అని సారు కార్లో అడిగినారు."

మేనేజరు నేల చూశాడు. నా వాయిస్ మెసేజ్‌ను వదిన ఫోనులోంచి తన ఫోనుకు పంపుకుని, నాలుగు కేంద్రాల గ్రూపులోనూ పెట్టేశాడట. పాపం ఆ ఆడవాళ్ళు రాత్రీ పగలూ విని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, దగ్గుతో సహా నోటికి పట్టారు. దగ్గల్లనా అని అడగడానికి వాళ్ళకు నా ఫోను నంబరు లేదు.

నిజానికి అక్కడితో నేను తప్పించుకోవాల్సింది. కానీ ఆ క్షణంలోనే నాకు దగ్గొచ్చింది. ఆ దగ్గు ఆపుకోవడానికి ముక్కోటి దేవతల్నీ తలుచుకున్నాను. వాళ్ళంతా వేరే పనుల్లో ఉన్నారు. ముసలాయన, పడుచు అమ్మాయి, ఆఫీసరమ్మ, అరవైమంది ఆడవాళ్ళు, నాకు అనుమానం, ఆవు కూడా, ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

"మా మరిది," అంది వదిన. "తిరుపతిలో ఇంగ్లీషు అయ్యవారు."

ఆ తర్వాత వినిపించిన నవ్వు పలమనేరు సంతలో కూడా వినిపించిందని నేను చెప్తాను. నవ్వనిది వదిన ఒక్కతే. ఆమె మేనేజరు మొహం చూస్తోంది, ట్యాంకు ఏమవుతుందోనని.

నెల తిరక్కుండా ట్యాంకు వదిన ఊరికే వచ్చింది. కాగితంలో మాత్రం లారీ తిరగడానికి రోడ్డు వెడల్పుంది, బోరులో నీళ్ళున్నాయి అని రాశారు. నీళ్ళున్నందుకు ట్యాంకు రావడం బాగుందని నేనన్నాను, ఎవరూ నవ్వలేదు. అడుగున ఒక షరతు కూడా ఉంది. క్యానులో చుక్క నీళ్ళు పడరాదు. వదిన దానికీ దారి చూసింది. ఇప్పుడు అందరూ మూడు చుక్కలూ క్యాను బయట చిలకరిస్తారు. "దిష్టి వచ్చేది బయటినుంచే గదా," అంది. అప్పుడు, మరుసటి నెలలో, ఒక పొద్దు ట్యాంకు ముందు నిలబడి తనే వియ్ నెవర్ యాడ్ వాటర్ అని గట్టిగా చెప్పుకుందట. విన్నది తోడికోడలు ఒక్కతే. ఏమంటాండావక్కా అని అడిగిందట. అట్లా ఆ ఇద్దరికీ మాటలు కలిశాయి.

నవ్వొచ్చే భాగం అది. మిగతా మూడు ఊళ్ళ కేంద్రాలు మూతబడ్డాయి. నా దగ్గును నమ్ముకున్న ముగ్గురు టెస్టర్లు ఇప్పుడు క్యాన్లెత్తుకుని ఏరు దాటి వదిన దగ్గరికి వస్తున్నారు. ఆ సంగతి నేను ఎక్కడా పెంచి చెప్పను. ఎట్లా పెంచాలో తెలియదు. వదిన మేనేజరుతో వారం రోజులు పోట్లాడి, సాయంత్రం పూట టేబులు ఆ ముగ్గురికీ వంతులవారీగా ఇప్పించింది.

"వాళ్ళకు చెప్పినోడు చెప్పినట్ల చెప్పినారు. వాళ్ళ తప్పేముండాది?" అంది నాతో. చెప్పినోడు ఎవరో ఆమె అనలేదు. అననక్కర లేదు.

ఆ ముగ్గురిలో ఒకామె ఇప్పటికీ నెవర్ అన్న మాట వస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుందట.

తిరుపతిలో మాత్రం ట్యాంకు నా వల్లే వచ్చిందని చెప్పుకుంటున్నాను. నా దగ్గు లేకపోతే మిగతా మూడు ఊళ్ళవాళ్ళు వల్లించారని తెలిసేదా? వల్లించారని తెలియకపోతే వదిన మాటకు విలువ వచ్చేదా? క్లాసులో ఇది ఒక గంట చెప్తాను. ఈ వాదన ఎట్లాగో పల్లెకు చేరింది. మొన్న వదిన దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల క్యాన్ల చప్పుడు, మధ్యలో వదిన గొంతు, నిదానంగా, ఒక్కొక్క మాటా తూచి పోసినట్టు.

"మరిదీ. యూ సమ్‌టైమ్స్ టెల్ ట్రూత్."

సమ్‌టైమ్స్ ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉంది. నాకు గర్వమేసింది. మా ఆవిడను పిలిచి వినిపించాను.

ఆమె పప్పు తాలింపు ఆపకుండా రెండుసార్లు విని, "మా అక్క కూడా మీతో చేరి ఎక్కువ చేసి చెప్పడం నేర్చుకునింది," అంది.